యాక్సిల్ బూట్ చిరిగినప్పుడు ఏది ఎంచుకోవాలి: మెత్తటి రబ్బరా, గట్టి రకమా, అతుకు బూటా, మొత్తం షాఫ్టా?

కారు ముందు చక్రం లోపలి వైపు, రిమ్ము అంచు మీద, నల్లటి గ్రీజు చుక్కలు ఒకే గీతలో చిమ్మినట్టు కనిపిస్తే, యాక్సిల్ మీది రబ్బరు తొడుగు చిరిగిందని దాదాపుగా నిర్ధారణకు రావచ్చు. మెకానిక్కులు దానిని యాక్సిల్ బూట్ అనీ, డ్రైవ్ షాఫ్ట్ బూట్ అనీ అంటారు. గేర్‌బాక్సు నుంచి చక్రానికి శక్తిని తీసుకెళ్ళే షాఫ్టుకు రెండు చివరలా కదిలే కీళ్ళు ఉంటాయి. చక్రం పైకీ కిందికీ ఊగుతున్నా, స్టీరింగుతో పాటు పక్కకు తిరుగుతున్నా తిప్పుడు ఆగకుండా చూసేవి ఈ సీవీ జాయింట్లే. తిరిగే షాఫ్టుకూ జాయింటు గిన్నెకూ మధ్య ఉండే ఖాళీని మూసి, లోపలి గ్రీజును బయటకు పోనీయకుండా, బయటి దుమ్మూ నీరూ లోపలికి రానీయకుండా కాపాడేది మడతలు మడతలుగా ఉండే ఆ తొడుగు. బూటు ధర వందల్లో ఉంటుంది, అది కాపాడే షాఫ్టు ధర వేలల్లో ఉంటుంది. అందుకే దీని ఎంపిక విషయంలో తొందరపడవద్దని నేను గట్టిగా చెబుతాను.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఇంజను శక్తి వెనుక చక్రాలకు వెళ్ళేది కాబట్టి ఈ బూట్ల గొడవ వాటి యజమానులకు తెలియదు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాతే, ముందు చక్రాలే బండిని లాగే పద్ధతి మన మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఆ పద్ధతివే. వాటిలో ఒక్కో కారుకు నాలుగు బూట్లు ఉంటాయి. రెండు చక్రాల వైపున, రెండు గేర్‌బాక్సు వైపున.

ఈ తొడుగు మీద పడే శ్రమ ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. చిన్న కార్లలో తరచుగా కనిపించే 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేటప్పుడు ఆ చక్రం సెకనుకు 11 సార్లకు పైగా తిరుగుతుంది. షాఫ్టు ఎప్పుడూ కొంచెం వంపులోనే ఉంటుంది కనుక, ప్రతి చుట్టుకూ బూటు మడత ఒకసారి తెరుచుకుని ఒకసారి ముడుచుకుంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లు అనుకుంటే, ఒక్క వైపు ప్రయాణంలోనే సుమారు 1 లక్షా 40 వేల సార్లు అలా జరుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకున్నప్పుడైతే ఒక వైపు మడతలు ఒకదానికొకటి ఒరుసుకునేంతగా నలుగుతాయి, ఎదురు వైపు మడతలు దాదాపు సాగిపోతాయి. చూడటానికి ముతకగా ఉన్నా, కారు మొత్తంలో ఇంత అలుపు లేకుండా వంగే రబ్బరు భాగాలు అరుదు.

ముందుగా తేల్చుకోవలసింది: లోపలి కీలు బాగుందా?

ఏ బూటు కొనాలన్న ప్రశ్న రెండవది. మొదటి ప్రశ్న, పాత బూటు చిరిగిన తరువాత బండి ఎంత దూరం, ఎలాంటి రోడ్డు మీద తిరిగిందన్నది. గ్రీజు చిమ్మడం గమనించిన వారంలోపే చూపించారంటే కీలు సాధారణంగా బతికే ఉంటుంది. వానకాలంలో నల్లరేగడి బురదలోనో, పొలం గట్ల వెంబడి మట్టి దారిలోనో నెలల తరబడి తిరిగి ఉంటే, ఎంత ఖరీదైన బూటు తొడిగినా ఫలితం ఉండదు.

పరీక్ష కష్టమైనది కాదు. ఖాళీ మైదానంలో స్టీరింగును ఒక వైపుకు పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడపండి, తరువాత రెండవ వైపుకు తిప్పి అలాగే నడపండి. చక్రంలోంచి టక టక మని వరుసగా శబ్దం వస్తే చక్రం వైపు కీలు అరిగిందని అర్థం. శబ్దం లేకపోతే బూటు విప్పించి, లోపలి గ్రీజును కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. ఇక్కడ చాలామంది రంగు చూసి భయపడతారు. సీవీ జాయింటు గ్రీజులో మాలిబ్డినం డైసల్ఫైడ్ కలుస్తుంది కాబట్టి అది సహజంగానే నల్లగా, సీసం మెరుపుతో ఉంటుంది, నలుపు చెడిపోయినదానికి గుర్తు కాదు. వేళ్ళ మధ్య వెన్నలా జారితే మంచిది. సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడితే దుమ్ము చేరింది. పాలు కలిసినట్టు తెల్లబారి ఉంటే నీరు చేరింది, తుప్పు రంగు తిరిగితే ఆ నీరు తన పని కూడా చేసింది. గరగర తగిలినా శబ్దం లేని దశలో ఉంటే, కీలును షాఫ్టు నుంచి విడదీసి, కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో పూర్తిగా కడిగి, ఆరబెట్టి, కీలు లోపలి ఉక్కు బంతులు తిరిగే గాళ్ళను వెలుతురులో చూడాలి. గాళ్ళు నున్నగా మెరుస్తుంటే కొత్త బూటు వేయించండి. గోటికి తగిలే గుంటలు పడి ఉంటే బూటు మీద డబ్బు పెట్టకండి.

రబ్బరు రకాల మధ్య ఎంపిక

కొట్టులో అడిగితే బూట్లన్నీ నల్లగా ఒకేలా కనిపిస్తాయి, కానీ వాటిలో ప్రధానంగా రెండు కుటుంబాలున్నాయి. మొదటిది క్లోరోప్రీన్ రబ్బరు. నియోప్రీన్ అన్న పేరుతో ఎక్కువమందికి తెలిసినది ఇదే. రెండవది థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్, అంటే రబ్బరులా వంగుతూ ప్లాస్టిక్కులా గట్టిగా ఉండే పదార్థం. పెట్టె మీద చాలాసార్లు టీపీఈ అని ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేడా తెలిసిపోతుంది. నియోప్రీన్ బూటు సైకిలు ట్యూబులా మెత్తగా నలిగి, రెండు వేళ్ళ మధ్య ముడుచుకుంటుంది. గట్టి రకం బూటును నొక్కితే ఎదురు తిరుగుతుంది, వదలగానే టక్కున తన ఆకారానికి వస్తుంది, పైన కొంచెం మెరుపు కూడా ఉంటుంది.

నియోప్రీన్‌లోని సుగుణం ఓర్పు. కొలత కొంచెం అటూ ఇటూ ఉన్నా సర్దుకుంటుంది, మూతి సాగి షాఫ్టు మీద చక్కగా కూర్చుంటుంది, మామూలు పట్టీతో కూడా చాలావరకు ఆగుతుంది. దాని బలహీనత వయసు. ఇంజను వేడికీ, గాలిలోని ఓజోనుకూ మడతల లోయలలో సన్నటి పగుళ్ళు పుడతాయి, ఏదో ఒక రోజు ఆ గీత వెంటే చీలుతుంది. కారు ఎక్కువగా తిరగకపోయినా, ఏళ్ళ తరబడి ఎండలో నిలబెట్టి ఉంచితే పగుళ్ళు వస్తూనే ఉంటాయి.

గట్టి రకం బూటు రాపిడిని బాగా తట్టుకుంటుంది. రోడ్డు మీద ఎగిరే కంకర రాయికీ, ముళ్ళకంపకూ అంత తేలికగా చిరగదు, ఎక్కువ వేగంలో బుగ్గలా ఉబ్బదు, మామూలుగా నియోప్రీన్ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ అది సర్దుకోదు. మూతి కొలత, మడతల పొడవు, గిన్నె ఆకారం సరిగ్గా ఆ కారుకు చేసినవే కావాలి. పట్టీ కూడా బలంగా బిగించే ఉక్కు పట్టీయే కావాలి. కారు తయారైనప్పుడు గట్టి రకమే ఉంటే తిరిగి గట్టి రకమే వేయించడం మంచిదని నా అభిప్రాయం. షాఫ్టు మీద మూతి కూర్చునే గాడి, పట్టీ వెడల్పు అన్నీ దానికి తగ్గట్టే మలిచి ఉంటాయి. కంపెనీ నియోప్రీన్ ఇచ్చిన చోట గట్టి రకానికి మారాలనుకుంటే, అదే మోడలుకు చేసిన పూర్తి కిట్టు దొరికినప్పుడే మారండి.

అన్నిటికన్నా చౌకగా దొరికే మూడవ రకం ఒకటుంది, దాని గురించి హెచ్చరించక తప్పదు. సహజ రబ్బరు ఎక్కువగా కలిపిన బూట్లు చూడటానికి మెత్తగా, సాగుతూ, ఎంతో బాగున్నట్టు అనిపిస్తాయి. అయితే పెట్రోలియం నూనెతో చేసిన గ్రీజు తగిలితే సహజ రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పట్టీ కింది నుంచి జారుతుంది. తలుపుల చుట్టూ వేసే ఈపీడీఎం రబ్బరుది కూడా అదే కథ. ఎండకూ వానకూ అది చక్కగా నిలుస్తుంది కానీ నూనెకు ఓర్చుకోదు. ఒకసారి తలుపు సీలు ముక్కనూ, విప్పేసిన పాత యాక్సిల్ బూటు ముక్కనూ ఒకే సీసాలో ఇంజను ఆయిల్ పోసి వారం రోజులు ఉంచాను. బయటకు తీసేసరికి సీలు ముక్క ఉబ్బి, గోరు గుచ్చితే దిగేంత మెత్తబడింది. బూటు ముక్క కొంచెం లావెక్కిందే తప్ప గట్టిదనం కోల్పోలేదు. రబ్బరు అంటే అంతా ఒకటే అనుకునేవారికి ఈ సీసా చూపిస్తే మరొక మాట అవసరం ఉండదు.

సిలికాన్ బూట్లు పొగగొట్టానికి దగ్గరగా ఉండే లోపలి కీళ్ళ కోసం, అంటే బాగా వేడి తగిలే చోట, కొన్ని కార్లలో వాడతారు. చీలికకు తట్టుకునే శక్తి వాటికి తక్కువ. మీ కారుకు కంపెనీ ఇవ్వకపోతే వాటి జోలికి వెళ్ళనవసరం లేదు.

ఒకే ముక్క బూటా, సాగే బూటా, అతుకు బూటా?

ఒకే ముక్కగా పోతపోసిన బూటు వేయాలంటే చక్రం మధ్యలోని హబ్ నట్టు విప్పి, చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు వదులు చేసి, షాఫ్టును బయటకు తీసి, కీలును దాని నుంచి విడదీయాలి. అదంతా సగం పూట పని. ఆ శ్రమను తప్పించడానికే మిగతా రెండు రకాలు పుట్టాయి.

సాగే బూటును శంఖువు ఆకారపు సాధనం మీదుగా లాగి, కీలును విడదీయకుండానే దాని పైనుంచి దాటిస్తారు. చాలా కార్లకు సరిపోయేలా దానికి మెట్లు మెట్లుగా మూతులు ఉంటాయి, అవసరమైన చోట కత్తిరించుకోవాలి. పాత కార్లలో కీలు షాఫ్టుకు తుప్పుతో బిగుసుకుపోయి ఎంత కొట్టినా రాకపోతే ఇది నిజంగా ఆదుకుంటుంది. కానీ అంతగా సాగాలంటే రబ్బరు పలుచగా ఉండక తప్పదు, కంకర రోడ్ల మీద ఆ పలుచదనమే లోపమవుతుంది. గేర్‌బాక్సు వైపు కీలుకు దీనిని వాడేముందు ఒకటి చూసుకోవాలి. అక్కడ తరచుగా మూడు కాళ్ళ ట్రైపాడ్ జాయింటు ఉంటుంది, కొన్ని కార్లలో దాని గిన్నె బయటి అంచు కూడా గుండ్రంగా కాక మూడు రేకుల పువ్వులా ఉంటుంది. గుండ్రటి మూతి బూటు అక్కడ ఎంత బిగించినా ఆ వంపుల దగ్గర సందు మిగిలిపోతుంది. అలాంటి కీలుకు లోపల మూడు రేకుల వలయం ఉన్న బూటే కావాలి.

అతుకు బూటు నిలువునా చీల్చి ఉంటుంది. షాఫ్టు చుట్టూ చుట్టి, అంచులను జిగురుతోనో చిన్న బోల్టులతోనో కలుపుతారు. ఏదీ విప్పనవసరం లేదు, అరగంటలో పని అయిపోతుంది. ఆ అతుకు మీద వేలిముద్రంత గ్రీజు తగిలినా జిగురు పట్టదు, పాత గ్రీజు కారుతున్న చోట, కారు కింద పడుకుని, ఆ అంచును పూర్తిగా శుభ్రంగా ఉంచడం ఎంత కష్టమో చేసిన వారికే తెలుస్తుంది. జిగురు ఆరేవరకు బండి కదపకూడదు. పట్టినా కూడా, మడత వంగిన ప్రతిసారీ అతుకు ఒకే చోట లాగబడుతుంది. దూర ప్రయాణంలో ఉండి, విడిభాగాలు దొరకని ఊళ్ళో ఇరుక్కుని, ఇల్లు చేరాలంటే దీనిని వేయించండి. చేరిన తరువాత తీయించి ఒకే ముక్క బూటు వేయించండి. అతుకు బూటును శాశ్వత పరిష్కారమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

పట్టీ కూడా బూటంత ముఖ్యం

ఎంపికలో అందరూ రబ్బరు గురించే ఆలోచిస్తారు, పట్టీని మాత్రం మెకానిక్ చేతికి వదిలేస్తారు. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక గ్యారేజీలో నా కారుకు మంచి గట్టి రకం బూటే వేశారు, ఆ మోడలుకు సరిపోయినదే. కానీ కిట్టులోని ఉక్కు పట్టీలు పక్కన పెట్టి, వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలతో బిగించారు. నెల దాటకముందే రిమ్ము లోపల మళ్ళీ గ్రీజు గీత కనిపించింది. బూటు మీద గీత కూడా పడలేదు. చిన్న మూతి దగ్గర ప్లాస్టిక్ పట్టీ వేడికి సాగి, వేలితో తిప్పితే గుండ్రంగా తిరుగుతోంది, దాని కింది నుంచి గ్రీజు సన్నటి పొరలా పాకి షాఫ్టు మీదికి వచ్చింది. రెండవసారి షాఫ్టు విప్పడానికి కూలీ నేనే ఇచ్చుకోవలసి వచ్చింది.

మెత్తటి నియోప్రీన్‌ను ప్లాస్టిక్ పట్టీ కొంతకాలం ఆపగలదేమో, గట్టి రకాన్ని మాత్రం ఆపలేదు, ఎందుకంటే ఆ పదార్థాన్ని గాడిలోకి అణచడానికే ఎక్కువ బలం కావాలి. చెవి లాంటి మడతను పటకారుతో నొక్కి బిగించే ఉక్కు పట్టీయే దీనికి సరైనది. చుట్టూ ఒకే తీరుగా ఒత్తుతుంది, తల ఎత్తుగా ఉండదు కాబట్టి తిరిగేటప్పుడు దేనికీ తగలదు. గొట్టాలకు వాడే స్క్రూ పట్టీ బలంగానే బిగుస్తుంది కానీ దాని తల బరువుగా పైకి పొడుచుకు వస్తుంది, చక్రం లోపలి ఇరుకులో అది ఏదో ఒక భాగానికి తగిలే ప్రమాదం ఉంది. తీగ మెలిపెట్టి కట్టడాన్ని అసలు ఒప్పుకోకండి, అది రబ్బరును కోస్తుంది. చెవి పట్టీ నొక్కే పటకారు ఉందా అని పని మొదలుపెట్టే ముందే అడగండి, లేదంటే పటకారు ఉన్న మరొక చోటికి వెళ్ళండి.

గ్రీజు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చక్రాల బేరింగులకు వాడే ఏపీ-3 గ్రీజు ప్రతి గ్యారేజీలోనూ డబ్బాలకొద్దీ ఉంటుంది, చేతికి అందినదే నింపడం అలవాటుగా జరుగుతుంది. సీవీ జాయింటులో బంతులు ఒత్తిడితో జారుతూ దొర్లుతూ తిరుగుతాయి కనుక దానికి వేరే గ్రీజు కావాలి. బూటు కిట్టుతో వచ్చే పొట్లంలోని గ్రీజునే పూర్తిగా వాడమనండి. లోపలి కీలుకూ బయటి కీలుకూ వేరు వేరు గ్రీజులు ఇచ్చిన కిట్లు కూడా ఉన్నాయి, వాటిని మార్చి వేయకూడదు. బంతుల మధ్యకు, గాళ్ళలోకి ముందు నింపి, మిగిలింది బూటులో వేయాలి. ఎక్కువైతే మంచిదన్న నమ్మకంతో రెండింతలు కూరితే బూటు ఉబ్బి మూతి దగ్గర కక్కుతుంది.

మొత్తం షాఫ్టు మార్చవలసి వస్తే

శబ్దం మొదలైతే, గాళ్ళలో గుంటలు కనిపిస్తే, బూటు ఆలోచన మాని కీలు గానీ షాఫ్టు గానీ మార్చాలి. కొన్ని కార్లకు బయటి కీలు ఒక్కటే బూటుతో సహా దొరుకుతుంది, దొరికితే అదే మేలు. మొత్తం షాఫ్టు కొనేటప్పుడు దాని పొడవు, రెండు చివరల పళ్ళ సంఖ్య, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైతే దానికి చక్రం వేగం తెలిపే పంటి వలయం ఉందో లేదో పాతదాని పక్కన పెట్టి సరిచూసుకోవాలి. సికింద్రాబాదు రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ బాగుచేసిన పాత షాఫ్టులు కూడా దొరుకుతాయి. వాటిలో గాళ్ళు తిరిగి సానపట్టి, కొంచెం పెద్ద బంతులు వేసినవి చక్కగా పనిచేస్తాయి. ఊరికే కడిగి, రంగు వేసి, కొత్త బూటు తొడిగినవి పనిచేయవు. చేత్తో కీలును ఒంచి తిప్పినప్పుడు ఎక్కడా పట్టకుండా, లొడలొడ లేకుండా, ఒకే బిగువుతో తిరిగితేనే తీసుకోండి.

ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. కారుతో వచ్చిన కీలు ఇంకా శబ్దం లేకుండా ఉంటే, తెలియని తయారీ కొత్త షాఫ్టుకు మారడం కంటే, దానినే కడిగి మంచి బూటు వేయించుకోవడం మేలు. చౌక షాఫ్టుల మీద వచ్చే బూటు రకం, లోపల నింపిన గ్రీజు మన చేతిలో ఉండవు. నల్లటి కొత్త రంగు చూసి మోసపోవడం తేలిక.

షాఫ్టు ఎలాగూ బయటకు వచ్చింది కనుక రెండవ చివరి బూటును కూడా పరిశీలించండి. మడతల లోయలను వేళ్ళతో విప్పి చూస్తే సన్నటి పగుళ్ళు కనిపించవచ్చు, అప్పుడు దానిని కూడా మార్చడం తెలివైన పని, ఎందుకంటే కూలీ మళ్ళీ ఇవ్వనవసరం లేదు. షాఫ్టు లాగగానే గేర్‌బాక్సు నుంచి కొంత ఆయిల్ కారుతుంది, అక్కడి సీలు గట్టిపడి ఉంటే ఇదే సమయంలో కొత్తది వేయించి, తగ్గిన ఆయిల్ పోయించాలి.

బిగించేటప్పుడు దగ్గర నిలబడి రెండు విషయాలు చూడండి. బూటు మెలితిరిగి కూర్చోకూడదు, మడతలన్నీ ఒకే వరుసలో ఉండాలి. లోపలి కీలు బూటులో గాలి ఇరుక్కుంటే అది బుగ్గలా ఉబ్బుతుంది లేదా లోపలికి పీల్చుకుపోతుంది. చిన్న మూతి కింద మొద్దు అంచు ఉన్న సన్నటి స్క్రూడ్రైవరును దూర్చి, గాలి బయటకు వదిలి, షాఫ్టు తన మామూలు పొడవులో ఉన్నప్పుడే పట్టీ నొక్కాలి. చివరగా బూటు బయటి వైపునూ, రిమ్ము లోపలి వైపునూ గుడ్డతో నూనె మరక లేకుండా తుడిపించండి. అలా తుడిచి ఉంటేనే 500 కిలోమీటర్ల తరువాత కారును జాకీ మీద ఎత్తి చూసినప్పుడు, కనిపించిన గ్రీజు పాతదా, కొత్తగా కారినదా అన్న అనుమానం ఉండదు.